ఒకటిన్నర వీధి

మిషన్ హౌస్‌లో నాకిచ్చిన సైకిలు
జపాన్ నుంచి ఓడెక్కి వచ్చిన పాతది.
ముందు బుట్ట, మోగని గంట,
సీటు కింద గొట్టం మీద ఎవరో బడిపిల్ల పేరు.
నాకు చదవడం రాదు.
ఆ పిల్ల ఇప్పుడు ఏ కారు నడుపుతోందో.

బ్రేకు ఒకటే పడుతుంది, వెనకది.
"చాలు, ఈ ఊళ్లో గుట్టల్లేవు" అంది సిస్టర్ మారివిక్
బుట్టలో కరపత్రాల కట్ట పెడుతూ.
నలభై కరపత్రాలు, నలభై ఇళ్లు, పొద్దుగూకేలోపు.

బట్టంబాంగ్‌లో బళ్లన్నీ కుడిపక్కనే పోతాయి.
తల ఒప్పుకుంది గానీ చేతులు ఒప్పుకోలేదు.
మొదటి మలుపులోనే ఐసుగడ్డల బండికి ఎదురెళ్లాను.
బండివాడు తిట్టలేదు.
దారి తప్పిన దూడను అదిలించినట్టు
నాలుక టకటకలాడించి నన్ను పక్కకి తోలాడు.

ఊరి మొగదల నల్లటి తాత విగ్రహం,
చేతుల్లో కర్ర.
ఆ కర్ర ఒకప్పుడు పోయిందట, ఊరి పేరుకి అర్థం అదేనట.
పోయినదాని పేరు పెట్టుకున్న ఊళ్లో
దారి తప్పితే తప్పేముంది అనుకున్నాను.

వీధులకి అంకెలు.
ఒకటోది ఏటి ఒడ్డున ఉంది.
రెండోది ఏదా అని తొక్కుతుంటే
మధ్యలో ఒకటిన్నర వచ్చింది.
నిజం, ఒకటిన్నర వీధి!
చిన్నప్పుడు భిన్నాల దగ్గర తడబడి
గోడకుర్చీ వేసినవాణ్ని,
ఇన్నాళ్లకి ఓ భిన్నంలోకి సైకిలేసుకుని వచ్చాను.

గొలుసు అక్కడే ఊడింది.

టార్పాలిన్ నీడ, మసినీళ్ల బేసిను,
కొక్కేలకి వేలాడే ట్యూబులు.
రిపేర్లు చేసే పెద్దాయన పేరు ఓం సారెత్.
ఓం అంటే ఇక్కడ పెదనాన్న వరస.
పిలవబోయి ఒక్క క్షణం ఆగాను,
మా పాస్టరుగారు వింటే ఏమనుకుంటారోనని.
ఆయన ఎడమకాలు మోకాలి కింద ప్లాస్టిక్.
చెప్పులు మాత్రం రెండూ ఒక జతే.

గొలుసు ఎక్కించి, చెయ్యి తుడుచుకోడానికి
బుట్టలోంచి ఒక కాగితం లాగాడు.
నా మొహం చూసి ఆగాడు.
కళ్లజోడు పెట్టుకుని చదివాడు,
పైకే, తాపీగా, ధరల పట్టీ చదివినట్టు.
ఆపైన నన్ను చదవమన్నాడు.

ఆరువారాల ఖ్మేర్ నాది.
ఆ అక్షరాల నెత్తినా మనకున్నట్టే తలకట్లు,
వాళ్లు వాటిని జుట్టు అంటారు.
చూస్తే చుట్టాల్లా ఉంటాయి,
పలకరిస్తే పోల్చుకోవు.
మూడో వరుసలో ఆపాడు.
స్రలాన్ అన్నాను. కాదన్నాడు.
స్రలాం. ఊహూఁ.
నూనె వేలు గడ్డం కింద ఆనించి
నాలుక ఎక్కడ ఆనాలో నోరు తెరిచి చూపించాడు.
పంక్చరు బుడగలు చూడ్డం మానేసి
మనవరాలు స్రే లియాక్ నా నోట్లోకే చూస్తోంది.

అప్పుడు గుర్తొచ్చింది ఞ.
చ ఛ జ ఝ తర్వాత
బలపం అరిగేలా దిద్దిన ఞ.
జ్ఞానం కాళ్ల దగ్గర ఒదిగి ఉండడమే తప్ప
సొంతంగా దానికో పని ఉన్నట్టు ఏనాడూ చూడలేదు.
ఏ ఉత్తరంలోనూ, ఏ ప్రార్థనలోనూ.

స్రలాఞ్.

ఓం సారెత్ తలూపాడు.
ప్రేమించడం అనే మాట చివర్న
కూర్చుని ఉంది నా పనిలేని అక్షరం.

గొలుసుకి రెండువేల రియెళ్లు తీసుకున్నాడు,
పాఠానికి ఏమీ వద్దన్నాడు.
కరపత్రం మనవరాలికిచ్చాడు.
అది వెనకవైపు తెల్లగా ఉన్నచోట
సైకిలు బొమ్మ మొదలెట్టింది, మూడు చక్రాలతో.
మళ్లీ రా, మిగతాది చదివిస్తాను అన్నాడనుకుంటా.
సగమే అర్థమైంది.

అంతలో వాన.
ముప్పైతొమ్మిది కాగితాలు చొక్కాలో దాచుకుని
మడమల్లోతు నీళ్లలో తొక్కాను.
ఎదురొచ్చిన ప్రతివాడికీ కుడివైపే తప్పుకున్నాను.

రాత్రి సిస్టర్ మారివిక్ రిజిస్టరు తెరిచింది.
ఎన్ని ఇళ్లు?
ఒకటి.
కలం ఆగింది.
ఇల్లు కూడా కాదు, టార్పాలిన్. సరిగ్గా చెప్పాలంటే అర.
"అర ఇల్లని ఎలా రాస్తాం?"
ఈ ఊళ్లో వీధులకే రాశారు కదా సిస్టర్, అన్నాను.

గంట ఇంకా మోగట్లేదు.
రేపు బాగుచేయించుకు రావాలి.